విడదీస్తే పువ్వు, కలిపితే కిరీటం

నిజాం నగలంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగల్లో అదీ ఉంది. నేను చెప్పబోయే నగ మాత్రం వాటిలో లేదు. అది లండన్‌లోనే కొనబడి లండన్‌లోనే ఉండిపోయింది.

1947 నవంబర్ 20న ఇంగ్లండ్ యువరాణి ఎలిజబెత్ వివాహం జరిగింది. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది కదా, ఆయన కుమారుడే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్. కార్టియర్ నగల దుకాణంలో యువరాణి తనకు నచ్చినవి ఎంచుకోవాలని, అవే తన కానుక అని ఆయన కబురు పెట్టాడు. ఆమె ఒక వజ్రాల హారం, ఒక తియారా ఎంచుకుంది. తియారా అంటే తలపై పెట్టుకునే చిన్న కిరీటం. అప్పటికి నల్లగొండ పల్లెలు వెట్టిచాకిరీపై తిరగబడి ఏడాది దాటింది. కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టకుండా ఈ నగ గురించి రాయడం నా వల్ల కాలేదు.

ఇక పనితనం విషయానికొద్దాం. ఆ తియారా మీద మూడు వజ్రాల గులాబీలు ఉండేవి. వాటిని ఊడదీసి, చీర పైటకు పిన్ను పెట్టుకున్నట్టు, దుస్తులకు బ్రోచీలుగా పెట్టుకోవచ్చు. ఇలాంటి నగల్లో చట్రం వేరు, పువ్వు వేరు. చిన్న మరలతోనో కొక్కేలతోనో రెండింటినీ బిగిస్తారు. ప్లాటినం గట్టి లోహం కనుక సన్నని పట్టు చాలు, లోహం మరుగునపడి రాళ్లే పూరేకుల్లా కనిపిస్తాయి. అంతకుముందటి యూరప్ నగల్లో కొన్నింటికి పువ్వు కింద స్ప్రింగు కూడా పెట్టేవారు. మనిషి కదిలితే పువ్వు గాలికి ఊగినట్టు వణికేది!

హారం నేటికీ ఉంది. దాని లోలకం కూడా ఊడివస్తుంది. 2014లో యువరాజు విలియం భార్య కేట్ దాన్ని ధరించింది. తియారాను మాత్రం 1973లో రాణి విప్పించి, ఆ వజ్రాలతో బర్మా కెంపుల తియారా చేయించుకుంది. విడదీయడానికి వీలున్న మూడు గులాబీలే మిగిలాయి.

మన అవుసలి వాళ్లూ కమ్మలకు చామంతిని, హారానికి మామిడి పిందెను, జడకు నాగుపామును నమూనాగా తీసుకున్నారు. ఇక విడదీసే నగ అంటారా, అది మన అమ్మల మెడలోనే ఉంది. పెళ్లినాడు పుస్తెలు పసుపుతాడుకు ఉంటాయి. నాలుగు పైసలు చేరితే బంగారు గొలుసుకు ఎక్కుతాయి. బోరు ఎండిన ఏడు గొలుసు సేటు దగ్గర కుదువకు పోతుంది, పుస్తెలు మళ్లీ పసుపుతాడుకు వస్తాయి.