స్త్రీపర్వము లేని యుద్ధము

మయసభలో దుర్యోధనుడు పడిన పాట్లు మన విద్యార్థులందరు ఎరిగినవే. నేలను చూచి నీరనుకొని వస్త్రము పైకెత్తినాడు. నీటిని చూచి నేలయనుకొని అడుగుపెట్టి తడిసినాడు. ఏండ్ల తరబడి ఆ ఘట్టమును పాఠముగా చెప్పిన నేను, ఆ పాట్లు స్వయముగా పడుదునని కలలోనైన అనుకొనలేదు.

మొన్న సంక్రాంతికి, బెంగుళూరులో ఉద్యోగము చేయు మా మేనల్లుడు అనంతపురము వచ్చుచు ఒక యంత్రమును వెంట తెచ్చినాడు. కండ్లను పూర్తిగా కప్పివేయు ముసుగు ఒకటి, చేతులకు రెండు పిడులు. "ఒక్కసారి పెట్టుకొని చూడు మామా, యుద్ధంలోకే పోతావు" అని, పడసాలలోని మంచమును గోడకు చేర్చి నన్ను నడుమ నిలిపినాడు.

ముసుగు వేసిన క్షణమున పడసాల మాయమైనది. కూలిన గోడల నడుమ, పొగలో, తుపాకితో నిలిచి ఉన్నాను. తల త్రిప్పిన వైపున కెల్ల ఆ లోకము విస్తరించినది. గుండు చెవి ప్రక్కగా దూసికొని పోయినట్లు తోచి చతికిలబడినాను. లేచుచు, ఎదుట కనిపించిన బల్లపై చేయి ఆనించబోయినాను. బల్ల లేదు! బోర్లపడినాను. వంటింటి గడపనుండి అక్క నవ్విన నవ్వు వినిపించినది. దుర్యోధనునికి వచ్చిన కోపము మాత్రము నాకు రాలేదు.

ఇందులో మంత్రమేమియు లేదు. కొద్దిపాటి తేడా గల రెండు చిత్రములను రెండు కండ్లకు వేరువేరుగా చూపుదురు. వానిని కలిపి లోతును కల్పించుకొనునది మన మెదడే. తల కదలికను పసిగట్టి, సెకనుకు సుమారు 90 సార్లు యంత్రము చిత్రమును మరల గీయును. ఇందేమాత్రము జాప్యమైనను తల తిరుగును. నడచుచున్నామని కన్ను చెప్పగా, నిలిచియే ఉన్నామని లోచెవి చెప్పిన వేళ కూడ అంతే. ఇద్దరు సాక్షుల మాట పొసగదు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ ఇట్టి పరికరమును చేసినప్పుడు దానిని ఇంటికప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చినది. 2012లో పామర్ లక్కీ అను యువకుడు జనుల చందాలతో 'ఆక్యులస్' ముసుగునకు పూనుకొనినాడు. 2020లో వెలువడిన 'హాఫ్-లైఫ్: ఆలిక్స్' ఈ తరహా తుపాకి ఆటలకు గొప్ప పేరు తెచ్చినది.

ముసుగు తీయగానే మేనల్లుడు లెక్క చెప్పినాడు: "ఇరవైముగ్గుర్ని పడగొట్టినావు మామా!" నాకు సంతోషము కలిగిన మాట దాచను. పిమ్మట అడిగినాను: "పడినవాళ్ళు ఏమైనారు? మళ్ళీ చూస్తే ఎవరూ లేరే!"

"మాయమైపోతారు. శవాలన్నీ అట్లే ఉంటే యంత్రానికి భారం."

ఆ మాట నా మనస్సున నాటుకొని పోయినది.

మాయాయుద్ధము మన సీమకు క్రొత్త గాదు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి; ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలు బొమ్మలలోను బాణములు ఎగురును, తలలు తెగును. అయితే తెరకు ఆవల యుద్ధము, ఈవల మనము. మన ప్రక్కన ఊరంతయు కూర్చుండి ఉండును. ముసుగులో మన ప్రక్కన ఎవ్వరును లేరు.

నిజమైన యుద్ధమును కూడ ఈ సీమ ఎరుగును. 1980 దశకమున మా పల్లె బడిలో నా ప్రక్కన కూర్చుండు మిత్రుని తండ్రి ఊరి కక్షలలో నాటుబాంబుకు బలియైనాడు. ఎండిన చెరువు మీదుగా ఆ తల్లి ఏడుపు రాత్రియెల్ల వినవచ్చినది. కొన్నాళ్ళకు మిత్రుడు గుండు తలతో బడికి వచ్చినాడు. మా అయ్యవారు ఆనాడు పాఠము చెప్పలేదు. వచ్చి అతని ప్రక్కన బెంచిపై కూర్చుండినారు. అంతే. ఒక మనిషి పడిపోవుట యన ఎంత బరువైనదో నాకు ఆనాడు తెలిసినది. ఆ బరువునే ఆట తుడిచివేయుచున్నది.

ఆట ఆడినంత మాత్రమున బాలుడు హంతకుడగునని నేననను. ఇదే ముసుగును వైద్యులు మేలునకును వాడినారు. ఇరాక్ యుద్ధమునుండి మనోవ్యాధితో తిరిగివచ్చిన అమెరికా సైనికులకొరకు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ రిజ్జో బృందము ఒక యుద్ధక్రీడలోని చిత్రములను ఆధారము చేసికొని చికిత్సను రూపొందించినది. మరువలేని ఆ భయమునే సైనికుడు ముసుగులో మరల కొంచెము కొంచెముగా ఎదుర్కొనును. చిత్రములు అవే, అయితే ఇక్కడ ప్రక్కన ఒక వైద్యుడుండును.

భారతము మయసభతో ఆగలేదు, కురుక్షేత్రముతోను ఆగలేదు. యుద్ధపర్వముల పిమ్మట తిక్కన స్త్రీపర్వమును కూడ తెనిగించినాడు. జీవితమంతయు కండ్లకు గంతలు కట్టుకొనిన గాంధారి, వ్యాసానుగ్రహమున రణభూమిని చూచి, పడిన ఒక్కొక్కనిని పేరుపేరున తలచి విలపించును. శత్రుపక్షపు అభిమన్యుని కొరకును దుఃఖించును. ఆమె గంతల వెనుకనుండి మృతులందరు కనిపించినారు. నా ముసుగులో ఒక్కడును మిగులలేదు.

కావున ఉపాధ్యాయమిత్రులకు నా మనవి ఇది. పిల్లలు ఆడుకొననిండు. ఆడివచ్చిన పిమ్మట ఒక్క పుట వ్రాయమని అడుగుడు: నీవు పడగొట్టినవాని పేరేమి? వాని ఇంట దీపము పెట్టుకొని ఎదురుచూచునది ఎవరు?

స్త్రీపర్వము మా తరగతికి పాఠ్యభాగము కాదు. అయినను ఈ యేడు చెప్పదలచినాను.