కూతురి పేరున ఒక కళాశాల

పల్లెపట్టున కళాశాల పెడితే చదువుకోవడానికి ఎవరు వస్తారన్న ప్రశ్న మన దేశంలో తరచుగా వినిపించేదే. అది కేవలం స్త్రీల కళాశాల అయితే ఆ సందేహం రెట్టింపవుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియాలో, స్వీట్ బ్రయర్ అనే మహిళా కళాశాలకు 2015వ సంవత్సరంలో ఈ ప్రశ్నే ప్రాణసంకటమై ఎదురయింది. పెద్దలు లెక్కలు చూచి, ఇటువంటి విద్యాలయానికి ఇక కాలం చెల్లినదని తీర్పు చెప్పారు. ఆ తీర్పును ఆ కళాశాలలో చదువుకొన్న బిడ్డలే తిరగవ్రాశారు. ఆ వృత్తాంతం బోధపడాలంటే ముందుగా ఆ చోటును చూడాలి. ఆ చోటికి మూలమైన దుఃఖాన్ని కూడా తెలుసుకోవాలి.

లించ్‌బర్గ్ నగరానికి ఉత్తరంగా సుమారు 12 మైళ్ళ దూరాన, ఆమ్హర్స్ట్ కౌంటీలో ఈ విద్యాలయం ఉన్నది. పడమటి దిక్కున బ్లూ రిడ్జ్ పర్వతశ్రేణి. ఆ అడవుల చెట్లు గాలిలోకి విడిచే సూక్ష్మద్రవ్యాల మూలంగా కొండలు దూరానికి లేత నీలి మేలిముసుగు కప్పుకొన్నట్లు కనిపిస్తాయి. వాటి పేరులోని నీలం అదే. కళాశాల భూమి దాదాపు 3,000 ఎకరాలు. అందులో అడవి ఉన్నది, పచ్చికబయళ్ళు ఉన్నాయి, వాగులు, రెండు సరస్సులు, గుర్రాలు తిరిగే బాటలు ఉన్నాయి. నడుమ ఎర్ర ఇటుకల భవనాలు, తెల్లని స్తంభాలు, ఒక భవనాన్ని మరొక భవనంతో కలిపే కమానుల వసారాలు. వీటికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి రాల్ఫ్ ఆడమ్స్ క్రామ్. గోథిక్ శైలి చర్చి నిర్మాణాలకు ప్రసిద్ధికెక్కిన ఆయన, ఇక్కడ మాత్రం వర్జీనియా పాతకాలపు గృహాలకు సరిపడే జార్జియన్ పద్ధతిని ఎన్నుకొన్నాడు. అందువల్ల ఆ భవనాలు కొండలతో పోటీపడవు. వాటి ఎదుట అణకువగా నిలుస్తాయి.

ఈ భూమిని 1830లో కొన్నవాడు ఎలైజా ఫ్లెచర్. ఉత్తరాదిన వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టి, బడిపంతులుగా వర్జీనియాకు వచ్చి, సంపన్న కుటుంబపు కన్యను పెండ్లాడి, పత్రికాధిపతియై, లించ్‌బర్గ్‌కు మేయరుగా కూడా పనిచేసినవాడు. ఇంటి చుట్టూ పూచే అడవిగులాబీలను చూచి ఆయన భార్య మరియా ఈ చోటికి స్వీట్ బ్రయర్ అని పేరు పెట్టినదని చెబుతారు. ఫ్లెచర్ తన కూతుళ్ళకు మంచి చదువు చెప్పించాడు. వారిలో ఒకరు ఇండియానా. 1858లో తండ్రి మరణించిన పిమ్మట ఈ భూమి ఆమెకు సంక్రమించింది.

ఇండియానాకు ఏకైక సంతానం డైసీ. 1884 జనవరిలో, పదహారేళ్ళ ప్రాయంలో ఆ పిల్ల కన్నుమూసింది. మరి ఐదేళ్ళకు ఇండియానా భర్త కూడా గతించాడు. 1900లో తాను మరణించే నాటికి ఆ తల్లి తన భూమినీ ధనాన్నీ ఒక్క కార్యానికి అర్పిస్తూ వీలునామా వ్రాసి ఉంచింది. కూతురి స్మృతిచిహ్నంగా ఆడపిల్లలకు ఒక విద్యాలయం వెలయాలి. అక్కడి చదువు వారిని సమాజానికి ఉపయోగపడేవారినిగా తీర్చాలి. ఇదీ ఆమె కోరిక.

కథ ఇక్కడితో ఆగితే మధురంగా ఉండేది. కాని ఆ వీలునామాలో మరొక మాట కూడా ఉన్నది. ఆ విద్యాలయం శ్వేతజాతి బాలికలకు మాత్రమే. కూతురిని పోగొట్టుకొన్న తల్లి పరుల బిడ్డలకు చదువు పెట్టబోతూ, ఆ పరుల బిడ్డల నడుమ ఒక గోడ కూడా కట్టింది. ఆ గోడ ఎవరికి అడ్డు నిలిచినదో చూడండి. ఫ్లెచర్ మరణించే నాటికి ఈ క్షేత్రంలో నూరుమందికి మించిన నల్లజాతి బానిసలు ఉండేవారు. పొలం దున్నినవారు, పంట కోసినవారు, ఇంటి చాకిరి చేసినవారు వారే. ఇండియానా దానం చేసిన సంపదలో వారి చెమట కలిసి ఉన్నది. బానిసత్వం రద్దయిన తరువాత కూడా వారి సంతతివారు పలువురు ఈ కళాశాలలో వంటవారుగా, పనివారుగా జీవించారు. వారి బిడ్డలకు మాత్రం తరగతిగది తలుపు తెరుచుకోలేదు.

ఇప్పటికీ ఆ ఆవరణలో పెద్ద ఇంటి వెనుక ఒక బానిసల గుడిసె నిలిచి ఉన్నది. మరొకచోట బానిసల శ్మశానవాటిక ఉన్నది. పొలాలలో దొరికే రాళ్ళే అక్కడ సమాధి గుర్తులు. వాటిమీద పేర్లు లేవు. డైసీ సమాధి మాన్యుమెంట్ హిల్ అనే గుట్టమీద ఉన్నది. ఏటా సంస్థాపక దినోత్సవంనాడు విద్యార్థినులు ఊరేగింపుగా ఆ గుట్ట ఎక్కి, ఆమె పేరుగల పువ్వులనే ఆమె సమాధిపై ఉంచుతారు. ఈ రెండు శ్మశానాలనూ చూడకుండా ఆ కళాశాల చరిత్ర చదివినట్లు కాదు.

1901లో కళాశాలకు ప్రభుత్వ శాసనం లభించింది. 1906లో తరగతులు ఆరంభమైన నాడు చేరినవారు 51 మంది. మొదటి అధ్యక్షురాలు మేరీ బెనెడిక్ట్, యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషి. ఆ కాలంలో దక్షిణాది బాలికల పాఠశాలలు చాలవరకు సంగీతమూ కుట్టుపనీ నేర్పి పెండ్లికి సిద్ధం చేసేవే. ఈ కళాశాల పూర్తి స్థాయి పట్టవిద్యనే ధ్యేయంగా పెట్టుకొన్నది. పునాది చాలని పిల్లలకోసం తొలి సంవత్సరాలలో ఒక ప్రవేశ విభాగాన్ని నడిపారే కాని, చదువు ప్రమాణాన్ని తగ్గించలేదు. 1910లో మొదటిసారిగా పట్టాలు పుచ్చుకొన్నవారు ఐదుగురు.

అక్కడి చదువులో మన ఉపాధ్యాయులకు ఆశ్చర్యం కలిగించే విషయం పరీక్షల పద్ధతి. అబద్ధమాడనని, మోసగించనని, దొంగిలించనని, ఇతరుల హక్కులకు భంగం చేయనని ప్రతి విద్యార్థినీ ప్రతిజ్ఞ చేస్తుంది. ఆ ప్రతిజ్ఞను నమ్మి పరీక్షా మందిరంలో కాపలాదారు లేకుండానే పరీక్షలు జరుపుతారు. సత్రాంత పరీక్షలు వ్రాసే దినాన్ని నిర్ణీత వారంలో విద్యార్థినే ఎన్నుకొంటుంది. ముందు వ్రాసినవారు తరువాత వ్రాయబోయేవారికి ప్రశ్నలు చెప్పరన్న విశ్వాసంమీద ఈ ఏర్పాటంతా నడుస్తున్నది. అందరూ ఒకే ఆవరణలో నివసించి, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొనే చోట అటువంటి విశ్వాసం పెంపొందడానికి అవకాశం ఎక్కువ.

ఇక ఆ భూమి కూడా ఒక గ్రంథమే. జీవశాస్త్ర విద్యార్థినులు వాగులోని నీటిని పరీక్షిస్తారు. అడవిలో చెట్ల వయస్సు లెక్కిస్తారు. గుర్రపుస్వారీలో ఈ కళాశాలకు చిరకాలపు ఖ్యాతి. స్వంత గుర్రాలను వెంట తెచ్చుకొనేవారు కూడా ఉన్నారు. అట్లని దృష్టి కొండల లోపలనే ఆగిపోలేదు. విద్యార్థులు మూడవ సంవత్సరం ఫ్రాన్సులో చదివే పథకాన్ని 1948లో ఈ కళాశాలే చేపట్టింది. ఇతర విద్యాలయాల విద్యార్థులు కూడా దాని ద్వారా పారిస్ వెళ్ళి చదివారు. ఇటీవలి దశాబ్దాలలో ఇంజనీరింగు విద్య కూడా వచ్చి చేరింది. గుర్తింపు పొందిన ఇంజనీరింగు పట్టా ఇచ్చే మహిళా కళాశాలలు ఆ దేశంలో మిక్కిలి తక్కువ.

వీలునామాలోని గోడ కూలడానికి అరవై సంవత్సరాలు పట్టింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాత ఆ జాతి నిబంధనను తొలగించవలసిందిగా కళాశాలే న్యాయస్థానాలలో పోరాడవలసివచ్చింది. మృతురాలి మాటను కాదనడానికి చట్టం అంత సులభంగా ఒప్పుకోదు. 1966లో న్యాయస్థానపు తాత్కాలిక ఉత్తర్వుతో మార్షలిన్ యియర్గిన్ అనే నల్లజాతి విద్యార్థిని చేరింది. మరుసటి సంవత్సరం ఆ నిబంధన శాశ్వతంగా తొలగిపోయింది. 1968లో ఆమె పట్టభద్రురాలై, పిదప వైద్యురాలై, అమెరికా ప్రభుత్వ వ్యాధినివారణ సంస్థలో పిల్లల మానసిక వికాస లోపాలను గురించి పరిశోధనలు చేసింది. సమాజానికి ఉపయోగపడే స్త్రీలను తయారుచేయాలన్న ఇండియానా ఆశయాన్ని, ఆమె వీలునామా వెలివేసిన జాతి బిడ్డ నెరవేర్చింది.

ఇక 2015 సంగతి. ఆ ఏడు మార్చి 3వ తేదీన ధర్మకర్తల మండలి, వేసవితో కళాశాలను మూసివేస్తున్నామని ప్రకటించింది. నిధి పూర్తిగా అడుగంటలేదు. దాదాపు 8 కోట్ల 40 లక్షల డాలర్ల మూలధనం ఉన్నది. కాని దానిలో చాలా భాగం దాతలు ఫలానా పనికేనని కట్టడి చేసిన ధనం. పల్లెపట్టున ఉండే చిన్న కళాశాలలను కోరేవారు తగ్గిపోయారు, స్త్రీలకే పరిమితమైన చదువును కోరేవారు మరింత తగ్గిపోయారు అని మండలి కారణాలు చెప్పింది. అంటే, ఏ ఏకాంతం ఆ విద్యాలయానికి శోభ అనుకొన్నారో ఆ ఏకాంతమే దాని నేరమయింది.

వార్త విన్న పూర్వ విద్యార్థినులు కంటతడి పెట్టుకొని ఊరకుండలేదు. దేశమంతటా చెదరి ఉన్నవారు కొద్ది దినాలలోనే ఒక సంఘంగా ఏర్పడ్డారు. విరాళాలు పోగుచేశారు. కౌంటీ న్యాయవాది మూసివేతను ఆపవలసిందిగా వ్యాజ్యం వేసింది. అది రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. చివరకు రాష్ట్ర అటార్నీ జనరల్ మధ్యవర్తిత్వంతో జూన్ నెలలో రాజీ కుదిరింది. పూర్వ విద్యార్థినులు 1 కోటి 20 లక్షల డాలర్లు సమకూర్చేటట్లు, మూలధనంలో 1 కోటి 60 లక్షల డాలర్ల మీది కట్టడిని సడలించేటట్లు ఒడంబడిక జరిగింది. కొత్త ధర్మకర్తలు, కొత్త అధ్యక్షుడు వచ్చారు. ఆ శరదృతువులో తరగతులు మళ్ళీ మొదలయ్యాయి. తరువాతి వేసవులలో పూర్వ విద్యార్థినులు స్వయంగా వచ్చి గోడలకు రంగులు వేశారు. తోటలలో కలుపు తీశారు.

అంతటితో కష్టాలు తీరాయని కాదు. విద్యార్థినుల సంఖ్య బాగా తగ్గింది. 2017లో పాఠ్యక్రమాన్ని మార్చి, రుసుమును మూడోవంతు మేరకు తగ్గిస్తూ నిర్ణయించారు. భూమిని భారంగా కాక ఆధారంగా తలచి ద్రాక్షతోటలు వేశారు, తేనెటీగలను పెంచారు, పెద్ద హరితగృహాన్ని కట్టారు. వీలునామా కూడా నిద్రపోలేదు. 2024లో, అందులోని స్త్రీ అన్న పదాన్ని నాటి అర్థంలోనే గ్రహించాలంటూ లింగమార్పిడి చేసుకొన్నవారి ప్రవేశాన్ని నిరోధించే నియమాన్ని కళాశాల ప్రకటించగా, అధ్యాపకులూ విద్యార్థినులూ పలువురు అభ్యంతరం తెలిపారు. ఎవరి కూతురికి ఈ చదువు అన్న ప్రశ్న ఆ కొండల నడుమ ఇంకా వినిపిస్తూనే ఉన్నది.

ఈ వృత్తాంతంలో మన ఉపాధ్యాయులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. దూరం దానంతటదే విద్యకు గుణమూ కాదు, దోషమూ కాదు. ఆ దూరంలో నాలుగేళ్ళు కలిసి బ్రతికి, కాపలా లేని పరీక్షలు వ్రాసి, ఒకే కొండను చూస్తూ చదువుకొన్న స్త్రీలు, నలభై యేళ్ళ తరువాత కూడా ఆ చోటు తమదని చెప్పుకొని నిలబడ్డారు. పట్టణానికి దూరాన పనిచేసే బాలికా పాఠశాలలు మనకూ ఉన్నాయి. అక్కడి పంతులమ్మ పిల్లలను చెరువుగట్టుకు తీసుకొనిపోయి పాఠం చెప్పిననాడు, ఒకసారి కాపలా లేకుండా పరీక్ష పెట్టి వారిని నమ్మిననాడు, ఊరిలో ఏ ఇంటి పిల్ల ఇంకా బడికి రాలేదో కనుక్కొని పిలిచిననాడు, ఆ బడికి కూడా రేపు అడ్డం నిలిచి కాపాడేవారు తయారవుతారు.