క్లబ్ ‘రీబిల్డింగ్’ అంటే ఏంటి? హైదరాబాద్ చెప్పే పాఠం

అంతర్వేది: 2020 సెప్టెంబర్‌లో ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. 2021 ఫిబ్రవరి కల్లా కొత్తది సిద్ధమైంది. ఫుట్‌బాల్ క్లబ్‌ను మళ్లీ కట్టడం మాత్రం అంత త్వరగా అయ్యే పని కాదు. కలప కొని తేవచ్చు, జట్టుగా ఆడటం కొంటే రాదు.

‘రీబిల్డింగ్’ అంటే పెద్ద పేర్లు కొనడం కాదు. కుర్రాళ్లకు అవకాశం ఇవ్వాలి. ఓడినా కోచ్‌పై ఓపిక పట్టాలి. జీతాలు టైముకు ఇవ్వాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో, తన మొదటి ఐఎస్‌ఎల్ సీజన్‌లో, ఆఖరి స్థానంలో నిలిచింది. తర్వాత వచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్ ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించారు. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచారు.

కానీ ఆ తర్వాత డబ్బు కష్టాలు మొదలయ్యాయి. జీతాలు ఆగాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో మళ్లీ ఆఖరి స్థానమే. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. అంటే ఓపిక ఒక్కటే సరిపోదు, పునాది కూడా గట్టిగా ఉండాలి.

ఆ పునాది ఎలా ఉంటుందో ఇదే నగరం ఒకప్పుడు చూపించింది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగం ఉండేది, నేర్పే ఉస్తాద్ ఉండేవారు.

పిల్లల్ని అకాడమీలో చేర్చే అమ్మానాన్నలు కప్పులు లెక్కపెట్టడం కాదు, ఇక్కడ నేర్చుకున్న పిల్లలు ఎంతమంది పెద్ద జట్టుకు ఆడుతున్నారో అడగాలి.