కొండదారిలో అరుదైన ప్రాణులు

కొండలెక్కడం నేటి యువతరానికి మిక్కిలి ప్రీతిపాత్రమైన వ్యాపకం. సెలవు దినం వచ్చిందంటే సంచి భుజాన వేసికొని, నీళ్ళసీసా చేతబట్టుకొని, మిత్రబృందంతో కొండదారి పట్టేవారు ఎందరో ఉన్నారు. ఈ నడకలో కోటగోడలు, చెరువులు, లోయలు కన్నులపండువు చేస్తాయి. వీటన్నింటికన్న అపురూపమైన అనుభవం మరొకటి ఉన్నది. అది ఒక అరుదైన వన్యప్రాణి హఠాత్తుగా కంటబడడం. ఆ క్షణంలో మనం మెలగిన తీరును బట్టి ఆ ప్రాణికి మేలో కీడో జరుగుతుంది. వన్యప్రాణిని చూడడానికి ఒక పద్ధతి ఉన్నది. చూచిన పిదప నడచుకోవడానికి మరొక పద్ధతి ఉన్నది. ఈ రెండింటినీ కారణసహితంగా తెలిసికొందాం.

పల్నాడు జిల్లాలోని ఎడ్లపాడు మండలాన్నే మొదట ఉదాహరణగా తీసికొందాం. 14వ శతాబ్దిలో రెడ్డిరాజులు అద్దంకి నుండి తమ రాజధానిని తరలించుకొన్న కొండవీడు ఈ మండలంలోనే ఉన్నది. శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా వెలుగొందిన ఆస్థానం అది. కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అనే మూడు చెరువులున్నవి. పూర్వం కాలిబాటన ఎక్కవలసిన ఈ కొండకు నేడు ఘాట్ రోడ్డు ఏర్పడింది. కోటను చూడవచ్చిన వారు బురుజులను, ద్వారాలను, మంటపాలను చూచి మురిసిపోతారు. కాని రాజులు విడిచిపోయిన ఇటువంటి కోటలలో, వాటి చుట్టూ ఉన్న రాతి గుట్టలలో పక్షులు, ఉడుములు, బల్లులు, పాములు తరతరాలుగా కాపురముంటున్నవన్న సంగతి మరచిపోతారు.

ఆంధ్రదేశపు రాతికొండలపై నివసించే పెద్ద గుడ్లగూబను చూడండి. అది పుల్లలతో గూడు కట్టదు. కొండచరియలోని ఒక అరుగుమీద, వట్టి నేలపైననే గుడ్లు పెడుతుంది. సాధారణంగా నవంబరు నుండి ఏప్రిల్ వరకు అది పిల్లలను సాకే కాలం. ఎండ తీవ్రత తక్కువగా ఉండే శీతకాలంలోనే మనుష్యులు కూడా కొండలెక్కుతారు. ఎవరో ఒకరు ఫొటో కొరకు ఆ అరుగు దాపునకు పోయినారనుకొందాం. తల్లి బెదరి ఎగిరిపోతుంది. కప్పులేని గుడ్లు ఎండకు మాడతాయి. లేదా కాకుల పాలవుతాయి. పగటివేళ బయటపడిన తల్లిని కాకులు గుంపుగా చేరి తరుముతాయి. ఫొటో తీసినవారు సంతోషంగా కొండ దిగిపోతారు. తమ వెనుక జరిగినదేమిటో వారికి తెలియనే తెలియదు. వారికి దురుద్దేశమేమీ లేదు. అయినను నష్టం జరిగిపోయింది.

అంతటితో ఆగదు. ఆ ఫొటోను చోటుపేరుతో సహా నలుగురికీ పంపితే మరొక ప్రమాదం పొంచి ఉన్నది. మూఢనమ్మకాల వలన, క్షుద్రపూజల కొరకు గుడ్లగూబలను పట్టి అమ్మేవారు మనదేశంలో ఇంకను ఉన్నారు. దీపావళి సమయంలో ఈ వ్యాపారం పెచ్చుపెరుగుతుంది. మెచ్చుకోళ్ళ కొరకు మనం వెల్లడించిన చోటు వేటగానికి దారి చూపే గుర్తు అవుతుంది.

ఒక ప్రాణి అరుదైనది అనడానికి కారణాలు పలు విధాలుగా ఉంటాయి. కొన్ని సంఖ్యలో తగ్గిపోయినవి. కొన్ని మొదటి నుండియు చిన్న ప్రాంతానికే పరిమితమైనవి. తూర్పు కనుమలు హిమాలయాలవలె ఒకే గోడగా నిలిచినవి కావు. గోదావరి, కృష్ణ, పెన్న నదులు వీటిని ఖండఖండాలుగా చీల్చినవి. చుట్టూ పొలాలు, ఊళ్ళు పరచుకొన్న మైదానంలో ఒక్కొక్క కొండ ఒక్కొక్క దీవివలె మిగిలింది. ఆ దీవిలో ఉన్న ప్రాణికి చోటు చెడితే వలసపోవడానికి వేరే తావు ఉండదు. కనుకనే ఇక్కడ ఒక్క గూడు చెదరినా అది పెద్ద నష్టమే.

ఈ సత్యాన్ని మనకు నేర్పిన పక్షి కలివికోడి. దీనినే జెర్డాన్ కోర్సర్ అంటారు. తామస్ జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని మొదట గుర్తించగా 1848లో శాస్త్రలోకానికి పరిచయమయింది. 1900 తరువాత ఎవరికీ కనిపించనందున ఇది అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించారు. కాని కడప జిల్లాలోని పల్లెజనానికి ఈ పక్షి తెలుసు; దానికొక పేరు కూడా పెట్టుకొన్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మను ఊరూరా చూపి వెదకగా, 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ ఒక కలివికోడిని పట్టి తెచ్చాడు. ఎనభై ఆరు సంవత్సరాల తరువాత దొరికిన ఆ పక్షి బంధనంలో కొద్దిరోజులకు మించి జీవించలేదు. లోకమంతా వెదకిన ప్రాణి దొరికీ దక్కలేదు.

ఆ అనుభవం తరువాత పరిశోధకులు పద్ధతి మార్చుకొన్నారు. కలివికోడి రాత్రులందు మాత్రమే సంచరిస్తుంది. పలుచని ముళ్ళపొదల నడుమ చెదలు మొదలైన పురుగులను ఏరుకొని తింటుంది. దాని వెంట దీపాలతో పరుగెత్తడం కన్న, అది నడిచే తావులలో మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, మరునాడు వాటిపై పడిన అడుగుజాడలను పరిశీలించడం మేలని గ్రహించారు. తానంతట తాను ఫొటో తీసే కెమెరాలను అమర్చారు. దాని కూతను గుర్తుపట్టి, చెవితో వెదకడం నేర్చారు. పక్షిని తాకకుండ, తరమకుండ దాని ఉనికిని తెలిసికొనడం సాధ్యమేనని దీనివలన రుజువయింది. ఈ పక్షి కొరకే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ మార్గం కలివికోడి నివాసాన్ని చీల్చుతున్నదని తేలినప్పుడు, ఈ ఆధారాల బలంతోనే కాలువ దారిని మళ్ళించగలిగారు. ఆ పిదప చాలా సంవత్సరాలు దాని జాడ తెలియలేదు. 2025లో పక్షి పరిశీలకులు రాత్రివేళ దాని కూతను మళ్ళీ వినగలిగారు.

కలివికోడిని వెదకినవారు దాని మేలు కోరినవారు. అందరు వెదకేవారూ అటువంటివారు కారు. నల్లమలలోని గుత్తి సాలీడు కథ ఇందుకు నిదర్శనం. నెమలికంఠపు నీలిరంగుతో మెరిసే ఈ పెద్ద సాలీడును 1899లో గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒకే ఒక ప్రాణిని బట్టి వర్ణించారు. దాదాపు నూరేళ్ళ తరువాత, 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో మళ్ళీ కనుగొన్నారు. ముదురు చెట్ల తొర్రలు దాని నివాసం. దాని అందమే దానికి శత్రువయింది. విదేశాలలో సాలీళ్ళను ఇండ్లలో పెంచుకొనే వేడుక కొరకు వాటిని సేకరించి తరలించడం మొదలయింది. ఒకవైపు అడవి తరుగుదల, మరొకవైపు సేకరణ కలసి దానిని అంతరించే అంచుకు చేర్చినవి. అరుదైన ప్రాణి ఉన్న తావు పదిమందికి తెలియడం ఆ ప్రాణికి ఎప్పుడూ మేలు కాదని దీనివలన తెలుస్తున్నది.

ఆ నల్లమల పల్నాడుకు దూరమైనది కాదు. మాచర్లకు ఆవలనున్న అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యంలో భాగం. ఈ అరణ్యానికి పాత కాపులు చెంచులు. అటవీశాఖవారు ఎందరో చెంచులను అడవి కావలిలో నియమించుకొన్నారు. అడవి ఎరిగినవారు పెద్దపులి ఎదుట పడాలని కోరుకోరు. దుప్పి చేసిన హెచ్చరిక కూత, తడి మట్టిలోని పాదముద్ర, చెట్టు బెరడుమీది గోటిగీట, దారిలోని పెంట, ఇవే వారికి అక్షరాలు. వాటిని బట్టి ఏ జంతువు, ఎప్పుడు, ఎటు పోయినదో చదువుతారు. కొండదారి పట్టే విద్యార్థి మొదట నేర్వదగిన విద్య ఇదే. జంతువు కనబడకపోయినంత మాత్రాన నడక వ్యర్థమయిందని చింతించనక్కరలేదు. ఒక పాదముద్రను గుర్తుపట్టగలిగినవాడు అడవిని చూచినవాడే.

హిమాలయాలలో మంచుచిరుతను లెక్కించిన తీరు కూడా ఇట్టిదే. 2019 నుండి 2023 వరకు సాగిన గణనలో శాస్త్రజ్ఞులు వేలాది కిలోమీటర్లు నడచి జాడలను వెదకారు; 1,971 చోట్ల కెమెరాలను అమర్చారు. ఆ కెమెరాలకు చిక్కిన ఫొటోలలో ఒంటిమీది మచ్చల తేడాను బట్టి 241 చిరుతలను వేరువేరుగా గుర్తించి, దేశంలో మొత్తం 718 ఉండవచ్చునని 2024లో ప్రకటించారు. ఏ ఒక్క చిరుతనూ పట్టకుండ, వెంటాడకుండ ఇంతటి జ్ఞానం లభించింది.

ఇక ఆచరణలో పాటించవలసిన నియమాలను గమనిద్దాం. మొదటిది దూరం. ఇన్ని అడుగులని దీనికి ఒకే కొలత చెప్పలేము. ఆ ప్రాణియే కొలత చెబుతుంది. మేస్తున్నది మేత మాని తలయెత్తి మన వంక చూచిందంటే, పొదుగుతున్నది లేచి నిలిచిందంటే, మనం హద్దు దాటినామన్నమాట. అప్పుడు నిలువక, పరుగెత్తక, నెమ్మదిగా వెనుకకు జరగాలి. మండువేసవిలో గాని, మేత కరవైన కాలంలో గాని ప్రాణి పెట్టే ప్రతి పరుగు దాని ఒంటి బలాన్ని హరిస్తుంది. దగ్గరగా చూడదలచినవారు బైనాక్యులర్ వాడడం మంచిది. ఎలుగుబంటి వంటి జంతువులున్న చోట ఈ దూరం మన ప్రాణాలకు కూడా రక్ష.

రెండవది నిశ్శబ్దం. చిన్న బృందాలుగా, ఉన్న బాటమీదనే నడవాలి. పాటల పెట్టెలు, కేకలు తగవు. పక్షి కూతను సెల్‌ఫోనులో వినిపించి దానిని రప్పించడం కొందరికి అలవాటు. ఆ కూతను విన్న పక్షి తన తావులోకి పోటీదారు వచ్చాడని భ్రమపడి, గూడు విడిచి పోరుకు వస్తుంది. పరిశోధకులు అనుమతితో, కొలతతో చేసే పనిని వినోదం కొరకు చేయరాదు. రాత్రి సంచరించే ప్రాణుల కన్నులలోకి దీపం వేయడం, ఫ్లాష్‌తో ఫొటో తీయడం కూడా అటువంటిదే. కొంతసేపు వాటికి దారి కానరాదు.

మూడవది ఆహారం పెట్టకపోవడం. ఘాట్ రోడ్డు పక్కన కోతులకు పండ్లు, బిస్కత్తులు విసరడం పుణ్యమని కొందరు తలుస్తారు. దానివలన కోతులు అడవిలో మేత వెదకడం మాని రోడ్డుకు చేరతాయి, వాహనాల కింద పడతాయి, మనుష్యులపై కలియబడతాయి. నాల్గవది చోటును చెదరగొట్టకపోవడం. రాయి కిందనేమున్నదో చూడగోరి దానిని దొర్లిస్తే ఆ కింది తేమలో బ్రతికే బల్లి, తేలు, సాలీడు నీడ కోల్పోతాయి. వేసవిలో ఆర్పని నిప్పు కొండ మొత్తాన్ని కాల్చగలదు.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టడం, ఉచ్చువేయడం, తరమడం, ఎరవేయడం, పక్షుల గుడ్లను గాని గూళ్ళను గాని చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. అభయారణ్యంలో ప్రవేశించడానికి అటవీశాఖ అనుమతి అవసరం.

అరుదైన ప్రాణి కనిపించిన పిదప చేయవలసిన పనులు రెండున్నవి. తేది, వేళ, ప్రాణి ఏమి చేస్తున్నది, చుట్టూ ఎట్టి చెట్లున్నవి అన్న విషయాలను పుస్తకంలో వ్రాసికొనాలి. ఆ వివరాలను అటవీ అధికారులకు గాని, మీ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకులకు గాని తెలియజేయాలి. ఇతరులకు ఫొటో పంపదలచితే చోటుపేరు తొలగించాలి. సెల్‌ఫోను తానుగా ఫొటోలో నమోదుచేసే స్థలవివరాన్ని కూడా ముందుగానే ఆపివేయాలి. చూచిన సంగతి చెప్పవచ్చు. చూచిన చోటు చెప్పరాదు.

కొండవీటి కొండ వంటి దగ్గరి గుట్టలకు ఒకే బాటన నెలకొకసారి పోయి, కనిపించిన పక్షులను, జాడలను వ్రాసికొన్న విద్యార్థికి రెండు మూడేండ్లలో ఒక విలువైన పుస్తకం సిద్ధమవుతుంది. ఏ పక్షి ఏ నెలలో వస్తున్నది, ఏది రావడం మానింది అన్న సంగతులు అందులో తేలుతాయి. కలివికోడికి ఒక పేరు పెట్టుకొని దానిని గుర్తుంచుకొన్నవారు పల్లెజనమే కదా! మన కొండలలోని ప్రాణులను గూర్చి ఆ విధంగా తెలిసినవారు ఊరూరా ఉంటే, రేపు ఆ కొండకు ఏ ఆపద వచ్చినా ఆధారంతో మాట్లాడగలవారు ఉంటారు.