మడత దగ్గర మెడ ఎంత?

కాగితాన్ని మూడు మడతలు పెట్టి, పై భాగంలో ఒకరు తల గీస్తారు. అది కనబడకుండా మడిచి పక్కవారికిస్తే వాళ్లు మొండెం గీస్తారు. మూడోవారు కాళ్లు. విప్పి చూస్తే ఎవరూ అనుకోని ఒక శాల్తీ నిలబడి ఉంటుంది. 1925 ప్రాంతంలో పారిస్‌లో, మోంపర్నాస్ పేటలో అధివాస్తవిక కవులూ చిత్రకారులూ చేరే ఒక ఇంట్లో ఈ ఆట నడిచింది. మొదట మాటలతోనే ఆడేవారు. తలా ఒక మాట రాయగా పుట్టిన వాక్యంలోని తొలి పదాలే ఆటకు పేరయ్యాయి: 'సొగసైన శవం'. బొమ్మల్లోకి దిగాక ఈవ్ తంగీ, జువాన్ మీరో, మాక్స్ మోరీజ్, మాన్ రే కలిసి 1926-27లో ఒక నగ్నచిత్రం గీశారు. అందులో చెవులు ఆకులు. పాదాలకేమో మంచులో కూరుకుపోకుండా కట్టుకునే వెడల్పాటి తొడుగులు. ఆ కాగితం ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

ఒకరు గీసింది ఇంకొకరు చూడకపోయినా బొమ్మ తలా తోకా లేకుండా పోదు. ఎందుకంటే తల గీసినవారు మెడ గీతలు రెండింటినీ మడత దాటి కాస్త కిందికి లాగి వదులుతారు. తర్వాతివారికి కనిపించేది ఆ రెండు మొలకలే. అక్కడ అందుకుని గీస్తే చాలు.

ఇదే ఆటను కంప్యూటర్‌లో కోడ్ రాసి ఆడవచ్చు. బొమ్మలు గీసేవారి కోసం 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 'ప్రాసెసింగ్' మొదలుపెట్టారు. అదే ఒరవడిలో, బ్రౌజర్‌లో నడిచేలా లారెన్ మెకార్తీ 2013లో పీ5.జేఎస్ తెచ్చారు. రెండూ ఉచితమే.

మూడువందల పిక్సెళ్ల వెడల్పు, ఆరువందల ఎత్తు ఉన్న కాన్వాస్ తీసుకుందాం. గీసేవారు ఒక్కొక్కరికీ రెండువందల పిక్సెళ్ల ఎత్తు. బడిలో గ్రాఫు గీసినప్పుడు వై విలువ పైకి పెరిగేది కదా, ఇక్కడ కిందికి పెరుగుతుంది. సున్నా ఉండేది పై ఎడమ మూలన. ఈ సంగతి మరిస్తే మీసం నుదుటికెక్కుతుంది. మొదటిసారి అందరికీ ఎక్కుతుంది.

మొండెం రాసేవారు రెండువందల నుంచి లెక్కపెట్టుకోనక్కర్లేదు. 'ట్రాన్స్‌లేట్' అనే ఆదేశం ఆ సున్నానే మడత దగ్గరికి దింపుతుంది. తల రాసినవారు ఠీవి కోసం తలను కాస్త పక్కకు వంచారనుకోండి, ఆ వంపు అక్కడితో ఆగదు. మొండెం వంగుతుంది, కాళ్లు కాన్వాస్ అంచు దాటి పోతాయి. ముక్కుకు వేసిన ఎరుపు ప్యాంటుకు అంటుకుంటుంది. కాగితం మీద పక్కవాడి సిరా మన గీతలోకి కారదు; కోడ్‌లో కారుతుంది. అందుకే ఎవరి పని వారు 'పుష్'తో మొదలుపెట్టి 'పాప్'తో ముగించాలి. పుష్ ఉన్న స్థితిని గుర్తుపెట్టుకుంటుంది, పాప్ దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అప్పగిస్తుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మేకులు పీకి, గోడలకు సున్నం కొట్టించి తాళం ఇచ్చినట్టు.

అసలు అందం మెడ దగ్గర ఉంది. మెడ వెడల్పు నలభై పిక్సెళ్లని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. అతుకు కుదురుతుంది, కానీ ప్రతి బొమ్మకూ ఒకే మెడ. ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. తల గీసే కోడ్ ముక్క, అంటే తల ఫంక్షన్, తన పని ముగించి, తాను గీసిన మెడ వెడల్పును అంకెగా తిరిగి ఇస్తుంది. ఆ అంకెను అందుకుని మొండెం ఫంక్షన్ భుజాలు మొదలుపెడుతుంది, తన నడుము వెడల్పును కాళ్లకు అందిస్తుంది. కొంగ మెడ వచ్చినా, ఎద్దు మెడ వచ్చినా అతుకు తప్పదు. మడత దాటిన ఆ రెండు మొలకలే ఇక్కడ అంకెలయ్యాయి.

కాగితం ఒక్క బొమ్మనే ఇస్తుంది. కోడ్‌లో ముగ్గురూ తలా ఐదు రకాలు రాస్తే 125 శాల్తీలు, పదేసి రాస్తే వెయ్యి. ఏ రకం ఎప్పుడు రావాలో 'రాండమ్' తేలుస్తుంది. అయితే 'డ్రా' ఫంక్షన్ మామూలుగా సెకనుకు అరవైసార్లు నడుస్తుంది కాబట్టి, అందులో రాండమ్ పెడితే బొమ్మ పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. దానికి విరుగుడు 'రాండమ్‌సీడ్'. డ్రా మొదట్లోనే దానికి ఒక అంకె విత్తనంగా ఇస్తే ప్రతిసారీ అదే వరుసలో సంఖ్యలు వస్తాయి, ఎందుకంటే ఇవి నిజంగా గుడ్డి పందేలు కావు, లెక్క కట్టి తీసినవి. అదే కోడ్ ఉన్న స్నేహితుడికి ఫోన్‌లో '1925' అని చెబితే చాలు, అతని తెరపైనా అదే శాల్తీ నిలబడుతుంది.

అన్నిటినీ రాండమ్‌కు వదిలేయడం మాత్రం నాకు నచ్చదు. కళ్లెక్కడో, ముక్కెక్కడో పడితే అది శాల్తీ కాదు, చెదిరిన చుక్కలు. ఐదు తలలే గీయండి, కానీ ఐదింటికీ వేరువేరు పొగరు ఉండాలి.

ఈ ఆదివారం ఒక తల రాసి చూడండి. మొండెం ఇంట్లో పిల్లలకు వదిలేయండి, తల వాళ్లకు చూపించొద్దు. మెడ వెడల్పు ఎంతో మాత్రం చెప్పండి.