ఇరుగుపొరుగు కట్టిన గుండె

చేప పిండంలో గుండె తయారయ్యే తీరు తెలిస్తే, పుట్టుకతో వచ్చే గుండె లోపాలను మనం చూసే చూపు మారుతుంది

సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినం. ఏటా ఈ రోజుల్లో పత్రికల నిండా కొలెస్టరాల్, బీపీ, నడక, వంటనూనెల కబుర్లే. అవన్నీ తయారైపోయిన గుండెను కాపాడుకునే సంగతులు. అసలు గుండె ఎలా తయారవుతుందన్నది మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో సుమారు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఆ లోపం పడేది గర్భంలోని తొలి వారాల్లోనే. అందుకే ఈసారి ముఖచిత్రం మీదికి ఒకటిన్నర అంగుళాల పొడవుండే జీబ్రా చేప వచ్చింది. దాని పిండం తల్లి కడుపులో కాకుండా నీళ్లలో పెరుగుతుంది, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన 24 గంటలకల్లా గుండె కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో కళ్లారా కనిపిస్తుంది. రక్తం కదలకపోయినా ఆ పిండం కొన్ని రోజులు బతుకుతుంది, ఎందుకంటే ఆ వయసులో దానికి కావలసిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న నీటి నుంచే ఒంట్లోకి ఇంకుతుంది. కాబట్టి గుండె ఎక్కడ చెడిందో తీరిగ్గా గమనించే వీలుంది. అలా గమనించినవాళ్లు తేల్చిన విషయాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది. గుండెను గుండె కణాలు ఒంటరిగా కట్టుకోవు. చుట్టుపక్కల కణాల సంకేతాలు అందితేనే అది గుండె అవుతుంది. ఆ కణాల్లో కొన్నింటికి గుండెలో చోటే ఉండదు.

ఈ మాటకు బలమైన ఆధారం 2000 జులైలో 'నేచర్' పత్రిక ప్రచురించిన ఒక పరిశోధన పత్రం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిడియే స్టెయినియర్ బృందం చేసిన పని అది. వెన్నెముక ఉన్న జీవుల్లో గుండె మొదటే ఒక ముద్దగా పుట్టదు. గుండె కాబోయే కణాలు పిండానికి కుడి ఎడమల రెండు గుంపులుగా ఉంటాయి. అవి నడిమి గీత వైపు కదిలి, కలిసి, ఒక గొట్టం అవుతాయి. 'మైల్స్ అపార్ట్' అని పేరుపెట్టిన ఒక జన్యు లోపం ఉన్న చేప పిండాల్లో ఈ ప్రయాణం జరగదు. రెండు గుంపులూ ఎక్కడివక్కడే ఆగిపోతాయి. అయినా ఆ కణాలు చావవు, దారితప్పి ఇంకేదో కండ అయిపోవు. చక్కగా గుండె కండరంగానే మారి, రెండు పక్కలా రెండు చిన్న గుండెలై విడివిడిగా కొట్టుకుంటాయి. అంటే గుండె కండరం కావడం ఆ కణాలకు వచ్చు. ఒకచోట చేరి ఒకే గుండె కావడం ఒక్కటే కుదరలేదు.

చెడిన జన్యువు ఏమిటని వెతికితే, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనే కొవ్వు అణువును పసిగట్టే గ్రాహకానిదని తేలింది. పొట్టిగా ఆ అణువును ఎస్1పీ అంటారు. ఇక్కడ ఎవరికైనా తట్టే ఊహ ఒకటే: గుండె కణాల మీద ఆ గ్రాహకం లేదు, అందుకే వాటికి సంకేతం అందలేదు. స్టెయినియర్ బృందం ఆ ఊహను అలాగే నమ్మి ఊరుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న పిండం నుంచి కణాలు తీసి లోపమున్న పిండంలో పెట్టారు. గ్రాహకం ఉండి కూడా ఆ కణాలు కదలలేదు. లోపమున్న కణాలను ఆరోగ్యంగా ఉన్న పిండంలో పెట్టారు. గ్రాహకం లేకపోయినా అవి శుభ్రంగా నడిమికి చేరి గుండెలో కలిసిపోయాయి. లోపం గుండె కణాల్లో లేదు, వాటి పరిసరాల్లో ఉంది. సాధారణంగా ఇలాంటి ప్రయోగాల మీద ఒక అనుమానం వస్తుంది: జన్యువు చెడినందువల్ల గుండె కణాలే నీరసపడి, కదలలేకపోయాయేమో అని. ఈ మార్పిడి ఆ అనుమానాన్ని కొట్టిపారేసింది. ఎందుకంటే చెడిన జన్యువు ఉన్న కణాలే మంచి పొరుగులో నడిమికి చేరి గుండెలో కలిశాయి.

మరి ఆ సంకేతం ఎక్కడి నుంచి వస్తోంది? 2008, 2009లలో రెండు వేర్వేరు బృందాలు ఇదే రెండు గుండెల లోపమున్న మరో రకం చేపలను పరిశీలించాయి. వాటిలో గ్రాహకం బాగానే ఉంది. చెడింది ఎస్1పీని కణం లోపలి నుంచి బయటికి పంపే ఎస్‌పీఎన్‌ఎస్2 అనే ప్రోటీన్. ఉత్తరం రాసి ఉంది, చదివేవాళ్లూ ఉన్నారు, పోస్టులో వేసేవాళ్లే లేరు. ఆ ప్రోటీన్ పనిచేయవలసిన చోటు ఇంకా ఆశ్చర్యకరం. అది పిండం శరీరంలో కాదు, పచ్చసొనను అంటిపెట్టుకుని ఉండే పలుచటి పొరలో. ఆ పొరకు మాత్రమే ఆ జన్యు సందేశాన్ని సూదితో ఎక్కిస్తే గుండె మళ్లీ ఒక్కటైంది. 2013లో అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు మిగిలిన లంకెనూ చూపించారు. ఆ సంకేతానికి స్పందించి నడిమికి జరిగేది, రేపు గొంతు, జీర్ణనాళం కాబోయే లోపలి పొర. అది జరిగితేనే గుండె కణాలూ జరుగుతాయి. పచ్చసొన అంచు పంపుతుంది, కాబోయే పేగు స్పందిస్తుంది, గుండె ఒక్కటవుతుంది.

చరిత్ర క్లుప్తంగా: జీబ్రా చేప మన ఉపఖండపు ఏరుల్లోనిదే. గంగా పరీవాహక చేపల మీద రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దాన్ని వర్ణించాడు. దాన్ని జన్యుశాస్త్ర ప్రయోగశాలకు తెచ్చినవాడు ఒరెగాన్ విశ్వవిద్యాలయంలోని జార్జ్ స్ట్రైజింగర్. ఆయన పత్రం 1981 నాటిది. తర్వాత జర్మనీలో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, మార్క్ ఫిష్‌మన్ బృందాలు వేలాది లోపాలను వెతికి పట్టాయి. ఆ ఫలితాలు 1996 డిసెంబర్‌లో 'డెవలప్‌మెంట్' పత్రిక ఒకే సంచికలో వచ్చాయి.

లోపాలు నేర్పిన పాఠాలు

*సైలెంట్ హార్ట్ అనే జన్యు లోపం:* చేప పిండంలో గుండె ఏర్పడుతుంది, కొట్టుకోదు. చెడింది ట్రోపోనిన్-టీ జన్యువు. మనుషుల్లో ఇదే జన్యువులో మార్పులు వస్తే గుండె కండరం మందమయ్యే జబ్బు రావచ్చు.

*హార్ట్‌స్ట్రింగ్స్ అనే జన్యు లోపం:* గుండె మెలితిరగక సాగిపోతుంది, ముందు రెక్కలు రావు. చెడింది టీబీఎక్స్5. మనుషుల్లో అది చెడితే చేతుల్లోనూ గుండెలోనూ లోపాలు కలిసి వస్తాయి.

*పూస అడ్డుపెడితే:* 2003లో కాలిఫోర్నియా పరిశోధకులు పిండం గుండె దగ్గర చిన్న గాజుపూసతో రక్తాన్ని ఆపారు. కవాటాలు సరిగా ఏర్పడలేదు. రక్త ప్రవాహం కూడా ఒక సంకేతమే.

పొరుగు కణాల సంకేతంతోనే గుండె ఒక్కటవుతుందన్న వాదనకు గట్టి అభ్యంతరం ఎలుక నుంచి వస్తుంది. ఎలుకల్లో ఎస్‌పీఎన్‌ఎస్2ను గానీ, ఆ ఎస్1పీ గ్రాహకాన్ని గానీ తీసేస్తే రెండు గుండెలు రావు. వినికిడి పోతుంది. ఎస్‌పీఎన్‌ఎస్2 లేకపోతే రోగనిరోధక కణాల కదలిక కూడా దెబ్బతింటుంది. అలాంటప్పుడు రెండే గదులున్న చేప గుండె కథ మనకెందుకని అడగడం న్యాయమే. కానీ చేపకూ ఎలుకకూ తేడా అణువులోనే ఉంది, సూత్రంలో లేదు. కోడి పిండంలో లోపలి పొర మధ్యలో కోత పెడితే రెండు గుండెలు వస్తాయని 20వ శతాబ్దం మధ్యకే తెలుసు. గాటా4 అనే జన్యువు లేని ఎలుక పిండంలోనూ గుండె రెండుగా మిగిలిపోతుంది. ఆ పిండానికి ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర ఒక్కటి సమకూరిస్తే, గాటా4 లేని కణాలే ఒక్క గుండెగా కలుస్తాయని 1997లో రుజువైంది. మాట మోసే అణువు జీవి జీవికీ మారింది. పొరుగువాడి మాట లేనిదే గుండె ఒక్కటి కాదన్న సంగతి మారలేదు.

సంకేతాలను తయారుచేసేదీ జన్యువులే కదా, చివరికి అంతా జన్యువులదే కదా అనేవారూ ఉన్నారు. నిజమే, కానీ ఏ కణంలోని జన్యువు అన్నదే ఇక్కడ ప్రశ్న. గుండె లోపానికి కారణం గుండె కండరంలో పనిచేసే జన్యువుల్లోనే ఉంటుందనుకుంటే, పచ్చసొన పొరలో పనిచేసే జన్యువు మన వెతుకులాటకు ఎప్పటికీ చిక్కదు. పైగా సంకేతాలన్నీ జన్యువుల అదుపులోనే ఉండవు. విటమిన్-ఏ నుంచి శరీరం తయారుచేసుకునే రెటినాయిక్ ఆమ్లమే దీనికి సాక్ష్యం. అది తగ్గితే చేప పిండంలో గుండె కణాలు అవసరానికి మించి పుడతాయని 2005లో డెబొరా యెలాన్ బృందం చూపింది. అది మితిమీరితే గుండె గొట్టం కుంచించుకుపోతుందని అంతకుముందే, 1992లోనే తెలిసింది. మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్ర ఈ ఆమ్లపు జాతిదే. గర్భిణులు దాన్ని వాడకూడదన్న కట్టుదిట్టమైన హెచ్చరిక వెనకున్న కారణాల్లో శిశువు గుండె లోపాలు కూడా ఉన్నాయి.

మనిషి పిండంలో గుండె సుమారు 22వ రోజుకే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. గర్భం వచ్చిందని చాలామంది తల్లులకు అప్పటికి తెలియనే తెలియదు. కాబట్టి గుండెలో రంధ్రంతో బిడ్డ పుడితే, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఎక్కడికి వెళ్లావు అని తల్లిని నిలదీయడం అన్యాయం, అర్థరహితం. చేయగలిగిన పని వేరే ఉంది, అది గర్భానికి ముందే మొదలవ్వాలి: మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకోవడం, రుబెల్లా టీకా వేయించుకోవడం, వాడుతున్న ప్రతి మందు గురించీ డాక్టరును అడగడం. ఇవన్నీ ఎదుగుతున్న గుండె చుట్టూ ఉన్న పరిసరాలను చక్కబెట్టే పనులే. గుండె వైద్యం గుండెతోనే మొదలవుతుందన్న అలవాటు ఆలోచనను వదిలి, పిల్లలు కావాలనుకునే ప్రతి స్త్రీకీ ఈ పరీక్షలు, సలహాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందేలా చూడాలి. చేప పిండం నేర్పిన దాన్ని మన పిల్లలకు ఉపయోగపడేలా చేసుకోవడమంటే అదే.