టికెట్టు లేని జనానికి లెక్క ఎలా?

స్టేడియంలో ఎంతమంది ఉన్నారో గేటు దగ్గరే తెలిసిపోతుంది. రోడ్డు మీద జరిగే సైకిల్ పందేనికి గేటూ ఉండదు, టికెట్టూ ఉండదు. బెల్జియంలో ఏటా వసంతకాలంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అలాంటిదే. 250 కిలోమీటర్లకు పైబడిన దారి పొడవునా జనం నిలబడి చూస్తారు. అంబులెన్సు ఎక్కడ ఉంచాలి, ఏ మలుపులో పోలీసులు ఎక్కువ కావాలి? ఎక్కడ ఎప్పుడు ఎంతమంది గుమిగూడుతున్నారో తెలిస్తేనే చెప్పగలం.

2011 పందెంలో గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్లూటూత్ సెన్సర్లను ఆ దారి వెంట నడిపించారు. ప్రతి బ్లూటూత్ పరికరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సెన్సర్ పలకరించగానే, ఇతరులకు కనిపించేలా బ్లూటూత్ ఆన్‌లో ఉన్న ఫోన్లు తమ సంఖ్య చెబుతాయి. ఆ సంఖ్యలో మనిషి పేరుండదు. అయితే ఒక చోట పలికిన సంఖ్యే కాసేపటికి ఇంకో ఊళ్లో పలికిందంటే, ఆ ప్రేక్షకుడు పందేన్ని మళ్లీ చూడడానికి అడ్డదారిన ముందుకెళ్లాడని ఊహించవచ్చు.

అలా దాదాపు 16,000 ఫోన్లు నమోదయ్యాయి. కానీ ఫోన్ల లెక్క మనుషుల లెక్క కాదు. అందుకే కెమెరా దృశ్యాల్లో తలలు లెక్కపెట్టి రెండిటినీ పోల్చారు. నూటికి 13 మంది ఫోన్లే సెన్సర్‌కు చిక్కాయని తేలింది, 2.3 అటూ ఇటూగా. అంటే 100 ఫోన్లు పలికిన చోట సుమారు 770 మంది ఉన్నట్టు. హెచ్చుతగ్గులు కలుపుకుంటే 650 నుంచి 930 దాకా ఉండొచ్చు. అంబులెన్సు ఎక్కడ నిలపాలో తేల్చడానికి ఈ అంచనా చాలు. ఇంతమంది వచ్చారని ప్రకటించుకోవడానికి మాత్రం చాలదు. పైగా ఆ 13 శాతం ఆనాటి ఫోన్లది, ఆ జనానిది. మరో పందేనికి మళ్లీ తలలు లెక్కపెట్టాల్సిందే.

ఇప్పుడు ఆ పద్ధతి అంత సులువు కాదు. 2014లో ఐఓఎస్ 8తో ఆపిల్, వైఫై కోసం వెతికేటప్పుడు ఫోన్ తన అసలు సంఖ్య దాచుకునే ఏర్పాటు తెచ్చింది. బ్లూటూత్‌లోనూ సంఖ్యలు మారుతూ ఉండే పద్ధతి వచ్చింది. నా దృష్టిలో ఇది మేలే. పేరు లేకపోయినా, ఒక ఫోన్ రోజూ రాత్రి ఎక్కడ ఆగుతోందో చూస్తే అది ఎవరిదో కనిపెట్టొచ్చు.

ఇక సరైన దారి అడిగి తీసుకోవడమే. యాప్‌లో జీపీఎస్ పంచుకోవడానికి ఒప్పుకున్నవారి కదలికలు చాలా వివరంగా దొరుకుతాయి. అయితే స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ఆ లెక్కలోకే రారు, ఒప్పుకునేవారిలో వృద్ధులు తక్కువగా ఉంటారు కాబట్టి కంటితో లెక్కించడం అప్పుడూ తప్పదు.

ఈసారి ఏ మారథాన్ యాప్ అయినా మీ లొకేషన్ అడిగితే, ఎందుకో, ఎన్నాళ్లు దాచుకుంటారో చదవండి. 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నదే ఎంచుకోండి. పందెం ముగిశాక ఆ అనుమతి తీసేయండి.